కొసరు బళ్ళు దాటిన రేవు

మా ఊళ్ళో రైలు స్టేషన్ ఉంది. మా తాత పుట్టకముందు నుంచీ ఉంది. రైలొస్తే ఊరు బాగుపడుతుందని ఎవరైనా అంటే వాళ్ళని ఆ ప్లాట్‌ఫారం మీద కూర్చోబెట్టి పల్లీలు కొనిస్తాను. బాగుపడదలచినవాళ్ళంతా అక్కడే రైలెక్కి వెళ్ళిపోయారు. దిగినవాళ్ళలో నాకు గుర్తున్నది బదిలీ మీద వచ్చిన స్టేషన్ మాస్టర్లే. వాళ్ళూ మళ్ళీ ఎక్కారు.

మార్కాపురం అవతల మెట్ట ప్రాంతం మాది. నేను శనగల గోదాములో బస్తాల లెక్క చూస్తాను. బడిలో రాని లెక్కలు బస్తాల దగ్గర వచ్చాయి. చుట్టుపక్కల ఎవరు బోరు వేయాలన్నా ముందు నన్ను పిలిచి లెక్క వేయిస్తారు. నేను వద్దంటాను. వాళ్ళు వేస్తారు. నీళ్ళు పడవు. నాకు మర్యాద పెరుగుతుంది. ఇన్నేళ్ళుగా నా పేరు నిలబడింది ఈ పద్ధతిమీదే.

ఆ పేరు గోదావరి దాకా పాకింది. మా మామగారు పెద్దకూతుర్ని మెట్టకీ, చిన్నకూతుర్ని డెల్టాకీ ఇచ్చారు, ఏ పంట పోయినా ఒక అల్లుడి ఇంట్లోనైనా అన్నం ఉంటుందని. ఆ చిన్నకూతురు సత్యవతి ఆషాఢంలో ఫోన్ చేసింది. వాళ్ళది రాజోలు అవతల, గోదావరి పాయ పక్కనున్న ఊరు.

"బావగారూ, ఈయన కువైట్ డబ్బంతా తీసుకెళ్ళి రేవు దగ్గర పోస్తానంటున్నారండీ. వంతెన వస్తుందంట. పక్కనే లాడ్జి కడతారంట. అది మునిగితే మళ్ళీ విమానం ఎక్కాల్సిందే కదండీ. పన్నెండేళ్ళు ఫోనులో కాపురం చేసేం. ఇంక నా వల్ల కాదు. మీరొచ్చి లెక్క చూసి ఒక్కమాట చెప్పండి. మీ మాటైతే వింటారు."

శ్రావణం రాగానే స్థలానికి బయానా ఇస్తాడట. గోదాములో పని లేని రోజులు. బయల్దేరాను.

రావులపాలెం

రాజమండ్రిలో రైలు దిగి బస్సెక్కాను. ఆషాఢం కనుక పెళ్ళిళ్ళు లేవు. కాబట్టి కిటికీ పక్క సీటు దొరికింది. మా బస్సుల్లో కండక్టరు "లోపలికి జరగండి" అంటే అది ఆజ్ఞ. ఇక్కడి కండక్టరు "తవరు కూర్చున్నారాండీ?" అని అడిగి, ఆయ్ అనిపించుకున్నాకే రైట్ చెప్పాడు. రావులపాలెంలో అరటిగెలలు దిగుతుంటే బస్సు ఆగింది. పక్కనున్న పెద్దాయన ఒక పండు ఒలిచి నా చేతిలో పెట్టాడు. ఎవరో తెలియకుండా పండు ఒలిచి పెట్టడం మా వైపు ఆసుపత్రిలో తప్ప చూడలేదు.

"ఏ ఊరండీ? ఎవరింటికండీ? భోజనం ఎక్కడండీ?" అని వరసగా అడిగాడు. రాజోలు చేరేసరికి ఆలస్యమవుతుందన్నాను.

"అయితే కొత్తపేటలో దిగిపోండి. మా ఇంట్లో తిని తరవాతి బస్సుకి వెళ్దురుగాని."

దిగాను. ఆయన భార్య నన్ను ఎన్నాళ్ళుగానో ఎరిగినట్టు పనసపొట్టు కూర వడ్డించింది. ఆయన పేరు చేయి కడుక్కున్నాక అడిగాను.

కొత్తపేట

బస్టాండు దగ్గర ఒక పెద్ద బోర్డు చూశాను. రాబోయే వంతెనకు పది నిమిషాలు, రాబోయే రైల్వే స్టేషనుకు పదిహేను నిమిషాలు, రాబోయే నాలుగు వరసల రోడ్డుకు రెండే నిమిషాలు అని రాసి ఉంది. కింద ప్లాట్లు అమ్మే కుర్రాడు గొడుగు పట్టుకుని నిలబడ్డాడు.

"ఇప్పుడీ ప్లాట్లకు పోయే దారి యాడుంది నాయనా?" అన్నాను.

"ప్రస్తుతానికి కాలవగట్టు మీంచి నడవాలండి. దారి కూడా రాబోయేదేనండి."

"ఉన్నదేంది మరి?"

అతను ఆలోచించాడు. నిజాయితీపరుడు. "చల్లగాలండి" అన్నాడు.

రవాణా సౌకర్యం వస్తే ఊరు పెరుగుతుందని పెద్దవాళ్ళు చెబుతారు. కోనసీమ అంతవరకు ఆగలేదు. సౌకర్యం వస్తుందని వినగానే పెరగడం మొదలుపెట్టింది.

అంబాజీపేట, అమలాపురం

అంబాజీపేటలో కొబ్బరి కొట్ల ముందు బస్సు మారాలి. కాయలు లెక్కపెట్టడం చూస్తూ రెండు బస్సులు వదిలేశాను. ఒక మనిషి రెండు చేతులతో కాయలు విసురుతూ రాగంలా అంకెలు పాడుతున్నాడు. వంద కాగానే ఆపి, అంకె పలక్కుండా మరికొన్ని విసిరాడు.

"అవి లెక్కలో లేవే?" అన్నాను కొట్టు యజమానితో.

"కొసరండి. ఉత్త వంద ఇస్తే ఏం బాగుంటుందండీ? మనిషికి మర్యాద చెయ్యాలి కదండీ."

మా గోదాములో బస్తా తూకం కాగానే తరుగు తీస్తాం. మట్టికింత, తేమకింత, గోనెసంచికింత. రైతు ఏడుస్తాడు, మేం ఓదారుస్తాం, తరుగు మాత్రం తీస్తాం. మాది తరుగు దేశం. వీళ్ళది కొసరు దేశం. ఇది అప్పుడు వింతగా మాత్రమే అనిపించింది. నా లెక్కను ముంచేది ఇదేనని తెలియలేదు.

అమలాపురంలో పొట్టెక్కలు తిన్నాను. పనసాకుల బుట్టలో ఉడికిన ఇడ్లీ. ప్లేటు నలభై. మా ఊళ్ళో నలభైకి రెండు ప్లేట్ల ఇడ్లీ వస్తుంది, కాని వాటిలో ఏ ఆకు వాసనా ఉండదు. చట్నీ అడక్కుండానే మూడుసార్లు పోశారు. నాలుగోసారి చెయ్యి అడ్డం పెడితే సర్వరు నొచ్చుకున్నాడు.

వంతెన కింద

రాజోలు దారిలో ఒక పాయ మీద వంతెన దాటగానే బస్సు టైరు పంక్చరైంది. టీ తాగుదామని గట్టు దిగాను. పాత రేవు మెట్లున్నాయి. మెట్ల పక్కన వరసగా పాకలు. అన్నిటికీ తడికలు వేసి ఉన్నాయి. వల ఆరబెడుతున్న ముసలాయన్ని టీ ఎక్కడ దొరుకుతుందని అడిగాను.

"ఇక్కడ దొరకదండి. ఇదివరకు ఇవన్నీ హోటళ్ళేనండి. రేవు దాటించే పంటు అవతల ఉంటే జనం ఇవతల ఆగేవోరు. ఆగితే తినేవోరు. వంతెనొచ్చేక ఎవరూ ఆగరు కదండీ." మళ్ళీ నన్ను ఎగాదిగా చూసి, "మా ఇంట్లో పెట్టిస్తాను, రండి" అన్నాడు.

టైరు మార్చేలోపు టీ తాగి వచ్చాను. డబ్బులిస్తే తీసుకోలేదు.

రేవు

ఈ ఊరి పేరు రాయవద్దని నా తోడల్లుడు వీర్రాజు ఒట్టు పెట్టించుకున్నాడు. పేరు రాస్తే స్థలాల ధరలు పడతాయట.

వీర్రాజు కువైట్‌లో కారు డ్రైవరుగా చేశాడు. ఆ రోజు సత్యవతి కొబ్బరికోరు వేసి అరటికాయ వేపుడు చేసింది. అన్నం కలుపుతూనే అతను నాకు తన సిద్ధాంతం చెప్పాడు.

"అన్నయ్యగారూ, అక్కడ ఉత్త ఇసకండి. దాని మీద రోడ్డేసేరు. నేను వెళ్ళినప్పుడు ఆ రోడ్డు పక్కన ఒంటె ఒక్కటే ఉండేది. నేను వచ్చేటప్పటికి పద్దెనిమిది అంతస్తులు. ఇసకలో మొలిచిన ఊరు మన గోదారి మట్టిలో మొలవదాండీ?"

"ఒంటె ఏమైంది?" అంది సత్యవతి.

"దాని సంగతెందుకే?"

"ఏం లేదు. మనం అందులో పద్దెనిమిది అంతస్తులమో, ఒంటెమో తెలుసుకుందామని."

మర్నాడు పొద్దున్నే అతను నన్ను రేవుకి తీసుకెళ్ళాడు. రెండు పడవల్ని కలిపి పైన బల్లలు పరిస్తే అది పంటు. మనుషులు, మోటార్ సైకిళ్ళు, ఆటోలు, ఒక్కోసారి ట్రాక్టరు కూడా దాని మీదే దాటాలి. రేవు వేలంపాట పాడుకుని దాన్ని నడిపేది అబ్బులుగారు. ఒడ్డున మంగాయమ్మ హోటల్. వంతెనకు ఇదివరకు జరిగిన శంకుస్థాపనల రాళ్ళు మూడు ఉన్నాయి. ఒకదాని మీద మంగాయమ్మ గ్రైండరు పెట్టింది, రెండోది గిరాకీలు కూర్చునే బల్ల. మూడోది కొత్తది కాబట్టి దాని మీద ఇంకా పూలదండ ఉంది.

నేను బస్తాలు లెక్కపెట్టేది చింతపిక్కలతో. ఎడమ జేబులోంచి కుడి జేబులోకి బస్తాకొక పిక్క. ఇక్కడా అదే పద్ధతి పెట్టుకుని హోటల్ ముందు కూర్చున్నాను. మొదటి పంటులో ఒక పాలవాడు, స్కూటీ మీద ఒక టీచరు. ఆవిడ మేరీరత్నం టీచరుగారు, అవతలి ఒడ్డు బడిలో పని. ఆ తర్వాత చాలాసేపు నదే దాటింది.

మంగాయమ్మ గారెలు తెచ్చి పెట్టి, నా జేబుల వంక చూసింది. "తవరు దేనికొచ్చేరండీ?"

"లెక్కకమ్మా. ఎన్ని బళ్ళు దాటతయ్యో చూడాల."

"వంతెన లెక్కాండీ?"

"వంతెన గురించే."

నేను అబద్ధం ఆడలేదు. ఆవిడ లోపలికెళ్ళి ఫోన్ చేసింది. గారెలకు పప్పు తెప్పిస్తోందనుకున్నాను.

రెండు టీలు తాగేలోపు రేవు మారిపోయింది. ముందు మోటార్ సైకిళ్ళు, తర్వాత ఆటోలు, వాటి వెనక కొబ్బరి డొక్కలు వేసుకున్న ట్రాక్టరు, ఐస్‌క్రీం బండి, దూడని ఎక్కించుకున్న టాటా ఏస్. పంటు అవతల ఆగీ ఆగకుండానే తిరిగొస్తోంది. వచ్చేటప్పుడూ నిండుగానే ఉంది. పోతూ పోతూ ప్రతివాడూ నా ముందు బండి నెమ్మది చేసి, "మేం పడ్డామాండీ?" అని అడుగుతున్నాడు.

"పడ్డారు" అని నేను పిక్క మార్చేవాణ్ణి.

"ఆయ్" అని తృప్తిగా పోయేవాడు.

ఎంత మర్యాదస్తులని మురిసిపోయాను. మా ఊళ్ళో జనాభా లెక్కలవాళ్ళని చూస్తే తలుపులు వేసుకుంటారు. ఇక్కడ లెక్కలో పడ్డామో లేదోనని కనుక్కుని వెళ్తున్నారు! మధ్యాహ్నానికి చింతపిక్కలు చాల్లేదు. మంగాయమ్మ వంటగది డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. మూడింటికి పూలతో అలంకరించిన పెళ్ళికారు దాటింది. దానికీ ఒక పిక్క వేశాను. వీర్రాజు మొహం ఆ కారుకన్నా వెలిగిపోతోంది.

"చూసేరా అన్నయ్యగారూ? పంటుంటేనే ఇంత ఉంది. వంతెనొస్తే?"

లెక్క నిజంగానే బాగుంది. వీటిలో పాతిక బళ్ళకొకటి ఆగినా లాడ్జి నిండుతుంది. జీవితంలో మొదటిసారి వద్దనకుండా "కట్టు" అని చెప్పబోతున్నాను.

ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే సత్యవతి ఎవరితోనో ఫోన్లో అంటోంది: "ఆషాఢం కదమ్మా, కొత్తకోడల్ని పుట్టింటికి పంపేశారు."

చెంబు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆషాఢంలో పెళ్ళికారేంది?

తరుగు

పొద్దున్నే రేవుకి వెళ్ళి అబ్బులుగారిని అడిగాను. "పెళ్ళి ఎవరిదండీ నిన్న?"

అబ్బులుగారు కొంచెం సిగ్గుపడ్డారు. "పెళ్ళి లేదండి. కారు అద్దెలకి తిప్పేవోడు మా మేనల్లుడండి. ఖాళీ కారు దాటితే లెక్కకి నిండుగా ఉండదని పూలు కట్టించేం."

"ఆ ట్రాక్టరు?"

"అది ఆరుసార్లు దాటిందండి. డొక్కలు దించలేదు కూడాను."

"నన్ను మోసం చేశారా అందరూ?"

ఆయన చెవులు మూసుకున్నారు. "ఎంతమాటండీ! అంత దూరం నుంచి వచ్చేరు. పొద్దున్నుంచీ ఖాళీ రేవు చూపించి పంపేస్తే ఊరికేం మర్యాదండీ? ఏదో కొసరు వేసేం. టికెట్టు కూడా ఎవరి డబ్బులు వాళ్ళే ఇచ్చుకున్నారు, ఊరి పని కదా అని. నా వంతుకి ఆఖరి రెండు పంట్లూ ఉచితంగా వేసేను."

నేను సర్కారు మనిషిని కాదని చెప్పాను. మంగాయమ్మ మొహం చిన్నబోయింది. అంతలోనే తేరుకుంది. "పోన్లెండి, రెండు వాయిలు ఎక్కువ గారెలు అమ్ముడుపోయేయి. తవరు రేపు కూడా కూర్చోకూడదాండీ?"

ఈ రేవు చరిత్రలో రవాణా మీద పెట్టిన పెట్టుబడికి వెంటనే ఫలితం వచ్చింది ఆ ఒక్కరోజే. పెట్టుబడి, నా రెండు జేబుల చింతపిక్కలు.

మేరీరత్నం టీచరుగారు పంటు కోసం ఆగి ఇదంతా విన్నారు. నిన్న కొసరు వేయనిది ఆవిడ ఒక్కరే. పొద్దున వెళ్ళారు, సాయంత్రం వచ్చారు.

"వంతెన కావాల్సింది నాకండి" అన్నారు. "వానొస్తే తడిసిన చీరతోనే పాఠం చెప్పాలి. కాని నేను రెండు పిక్కల కంటే ఎక్కువ పడను కదండీ, నా మొహం చూసి ఎవరు కడతారు?"

నేను ఇంటికొచ్చి మా పద్ధతిలో తరుగు తీశాను. ఇంత తరుగు ఏ రైతు దగ్గరా తీయలేదు. మిగిలినవి ఒక గుప్పిట్లో పట్టాయి. వాటిని వీర్రాజు ముందు బల్ల మీద పోశాను.

"ఇదా అన్నయ్యగారూ మొత్తం?"

"ఇదే. వంతెనొస్తే పెరుగుతయ్. కాని ఆగవు."

"ఆగుతారండీ. లాడ్జి ఉంటే ఎందుకు ఆగరు?" మనిషి మొండికేశాడు. "మీరు మెట్టవారు. మీకు ఏదీ మొలుస్తుందని నమ్మకం ఉండదు."

సత్యవతి గుమ్మంలో నిలబడి ఉంది. నా వైపు చూసింది. లెక్క అయిపోయింది, కాని పని కాలేదని అర్థమైంది. నేను లేచి సంచి సర్దుకున్నాను.

"ఎక్కడికండీ?" అన్నాడు వీర్రాజు.

"రాజోల్లో లాడ్జికి. ఈ రాత్రికి ఆడ పండుకుని పొద్దున బస్సెక్కుతా. మీకెందుకు శ్రమ."

వీర్రాజు కుర్చీలోంచి ఎగిరి లేచాడు. "లాడ్జిలోనాండీ! ఊళ్ళో మేం ఉండగానే! నలుగురికీ తెలిస్తే మా మొహం ఎక్కడ పెట్టుకోవాలి? శత్రువునైనా లాడ్జిలో పడుకోనిస్తామాండీ మేం?" సంచి లాక్కున్నాడు. "మొన్న ప్లాస్టిక్ బిందెలమ్ముకునేవోడు వానకి ఆగిపోతే, వాణ్ణే మా అరుగుమీద..."

ఆగిపోయాడు.

"చెప్పండి, చెప్పండి" అంది సత్యవతి. "వాడు లాడ్జి ఎక్కడని అడిగితే కోప్పడ్డారు కూడాను."

వీర్రాజు సంచి వొళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కొత్తపేటలో పనసపొట్టు, వంతెన కింద టీ నాకు గుర్తొచ్చాయి. ఈ కోనసీమలో లాడ్జి కట్టాలంటే ముందు జనానికి మర్యాద మాన్పించాలి. దానికి ఎంత పెట్టుబడి కావాలో నా దగ్గర పిక్కల్లేవు.

"నిన్న పంటు ఎన్నిసార్లు తిరిగిందంటారు?" అన్నాడు చివరికి, వేరే గొంతుతో.

మళ్ళీ రేవు

శ్రావణంలో స్థలానికి బయానా ఇవ్వలేదు. అబ్బులుగారికి వయసైంది. లాడ్జిలో ఎవరూ ఆగకపోయినా పంటు అందరూ ఎక్కాల్సిందే కనుక రేవు పాటలో వీర్రాజు సగం వాటా తీసుకున్నాడు. లాడ్జికి పోయవలసిన డబ్బులో కొంచెం పెట్టి పంటుకి కొత్త ఇంజను, టీచరుగారు తడవకుండా మీద రేకు వేయించాడు. పాస్‌పోర్టు సత్యవతి బీరువాలో చీరల కింద ఉంది. తాళం ఆమె దగ్గరే.

నేను ఇది రాయడం మొదలుపెట్టాక ఆమె మళ్ళీ ఫోన్ చేసింది.

"బావగారూ, నిజం లెక్కవారు వచ్చేరండీ! ఎవరో ఒకమ్మాయీ, గొడుగూ. వారం రోజులు రేవులోనే కూర్చుంటారంట. ఊరంతా దాటుతోంది. మన చుట్టాల తరఫున ఎవరూ లేకపోతే బాగోదు కదండీ."

ఫోన్ వీర్రాజుకివ్వమన్నాను. "నువ్వే పంటువాడివి గదయ్యా. వంతెనొస్తే నీ గతేంది?"

"టీచరుగారు ఎన్నాళ్ళని ఆగుతారండీ పాపం? వంతెన రావాల్సిందేనండి." కాస్త ఆగి అన్నాడు: "నాలుగో రాయి వేసి, అది పాతబడి, అయిదోది వేసేసరికి మా అమ్మాయి చదువు అయిపోతుందిలెండి. అందాకా మీరు రండి."

గోదాములో సెలవు పెట్టాను. తప్పుడు లెక్కలో ఒక అంకెగా నిలబడడానికి రాత్రంతా రైల్లో వెళ్ళడం మా వంశంలో ఎవరూ చేసి ఉండరు.

వీర్రాజు స్కూటరు మీద పంటెక్కాను. నా దగ్గర కూడా టికెట్టు డబ్బులు తీసుకున్నాడు, ఊరి పని కదా. అవతల దిగి, ఒక కొబ్బరిబొండం తాగి, తిరిగొచ్చాను. శంకుస్థాపన రాయి మీద గొడుగు కింద ఆ అమ్మాయి కూర్చుని ఉంది. పక్కనే మంగాయమ్మ గారెల పళ్ళెం. నా వెనక పూలు కట్టిన కారు హారన్ కొడుతోంది.

నేను బండి నెమ్మది చేశాను.

"మేం పడ్డామాండీ?" అని అడిగాను.